వరండాలో సున్నపు గీత

మొన్న మా మరదలికి గుండె పరీక్ష ఉంటే తోడుగా ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్లాను. గుండె వార్డు తలుపు మీద బోర్డు ఉంది: "సెల్‌ఫోన్లు నిషేధం." ఆ బోర్డు కిందే నిలబడి టెక్నీషియన్ పిల్ల ఒకతి ఫోన్లో మాట్లాడుతోంది. మాట్లాడటం అయ్యేదాకా ఆగి, "ఎందుకమ్మా నిషేధం?" అని అడిగాను. "ఏమో అంకుల్, రూలు" అంది.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ మాట్లాడినందుకు కాదు. ఇప్పటి మెషిన్లు మా కాలం వాటికంటే గట్టివి, ఇప్పటి ఫోన్లు అప్పటి వైర్‌లెస్ సెట్ల అంత బలంగా అరవవు. నా కోపమంతా ఆ "ఏమో" మీద. మా ఆస్పత్రిలో ఆ రూలు ఎట్లా పుట్టిందో నాకు తెలుసు. పుట్టిన రోజు నేను చొక్కా విప్పుకొని బల్ల మీద పడుకొని ఉన్నాను. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

పని అంటే ఏమిటంటే

డెబ్బైలలో నేను అనంతపురం జిల్లాలో ఒక ఆస్పత్రిలో ఈసీజీ టెక్నీషియన్‌గా చేరాను. ఏ ఆస్పత్రో చెప్పను. అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్లకూ నాకూ పడదు. మాది శింగనమల పక్కన పల్లె. మా ఇంట్లో కరెంటు తీగ ముట్టుకున్న మొదటివాణ్ణి నేనే.

పని చూడటానికి సులువు. చేతులకు, కాళ్లకు పట్టీలు కట్టి, ఎదురొమ్ము మీద రబ్బరు బుడ్డీ అంటించి, మెషిన్ తిప్పితే కాగితం మీద గుండె గీత వస్తుంది. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ తీగలు చూస్తేనే ప్రాణం పోయేది. ముదిగుబ్బ వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన బల్ల మీంచి లేచి కూర్చుని, "కరెంటు పెట్టి సంపుతావా సామీ? నేనేం తప్పు జేసినా?" అని చేతులు జోడించాడు. ఆ రోజు నుంచి నేనొక అలవాటు చేసుకున్నాను. భయపడేవాళ్లు వస్తే ముందు పట్టీలు నాకు కట్టుకొని, నా గుండె గీత తీసి చూపించి, అప్పుడు వాళ్లకు కట్టేవాణ్ణి. ఎదుటివాడి ఒంటి మీద పెట్టేది ముందు మన ఒంటి మీద పెట్టుకోవాలి. ఈ మాట ఏ ట్రైనింగులోనూ చెప్పరు. నేను చెప్తున్నాను, గుర్తు పెట్టుకోండి.

మెషిన్‌కు ప్రాణం ఎర్తింగు. ఆస్పత్రి వెనక మనిషి లోతు గుంత తీసి, రాగి రేకు పాతి, బొగ్గులూ ఉప్పూ వేసి పూడ్చి ఉంటుంది. ఆ గుంత ఎప్పుడూ తడిగా ఉండాలి. తడి! మా జిల్లాలో! బోర్లు ఎండిపోయి, ట్యాంకరు వస్తే జనం బిందెలతో ఒకరి మీద ఒకరు పడే ఎండాకాలంలో, నేను రోజూ ఒక బిందె నీళ్లు మట్టిలో పోయించాలి. పోయకపోతే గీత రంపపు పళ్ల లాగా సన్నగా, సమంగా వణుకుతుంది.

నీళ్లు పోసే పని ఆయా ఓబులమ్మది. నాకంటే పదేళ్లు పెద్దది. బక్క మనిషే గానీ గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. "తాగేదానికి నీళ్లు ల్యాక జనం సస్తాంటే మట్టికి పోయమంటావేం సార్, నీకేమన్నా గాలి సోకిందా?" అని రోజూ తిట్టేది. తిడుతూనే పోసి వచ్చేది. ఒక్క రోజు మానలేదు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, అదీ చాలా ఆలస్యంగా.

నేను గెలిచిన పందెం

మా మేట్రన్‌కు రేడియోలంటే పడదు. రోగుల వెంట వచ్చినవాళ్లు ట్రాన్సిస్టరు తెస్తే లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేసేది. "రేడియో పెడితే గుండె మెషిన్ చెడిపోతుంది" అని వాదన. ఒకరోజు నేను అందరి ముందూ పందెం కాశాను. ఒక రోగికి ఈసీజీ తీస్తూ, ట్రాన్సిస్టరును మెషిన్ నెత్తిన పెట్టి, పాట పెద్దగా పెట్టాను. గీత నున్నగా, శుభ్రంగా వచ్చింది. ఆ కాగితం చింపి మేట్రన్ చేతిలో పెట్టాను. బీరువా తాళం తీసి ట్రాన్సిస్టర్లన్నీ తిరిగి ఇచ్చేసింది.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. "రేడియోకూ గుండెకూ సంబంధం ల్యా" అని కనపడినవాడికల్లా చెప్పాను. మా పెద్ద డాక్టరు సరోజమ్మగారు మాత్రం నవ్వి ఊరుకున్నారు. ఆమెది నెల్లూరు, చదివింది మద్రాసులో. మాట తక్కువ, అన్నారంటే సూదిలా గుచ్చుకుంటుంది. నేను ప్రతిదానికీ గుంత తప్పే అంటానని ఆమెకు ముందే తెలుసు. "నరసింహులూ, నీకు తెలిసిన జబ్బే అందరికీ అంటగట్టకు" అనేవారు. నేను తల ఊపేవాణ్ణి, అంతే.

నారాయణప్ప

ఎనభైలలో ఒక ఎండాకాలం. ధర్మవరం నుంచి నారాయణప్ప అనే పట్టు నేసే ఆయనను ఆయన భార్య పుల్లమ్మ జట్కాలో, బస్సులో, మళ్లీ రిక్షాలో తీసుకొచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడట. గీత తీశాను. గుండెపోటు వచ్చింది. దానితోపాటు గుండె పై భాగం నుంచి కింది భాగానికి కబురు అందడం లేదు. నాడి నిమిషానికి ముప్పై కూడా లేదు.

సరోజమ్మగారు అప్పటికి కొత్తగా ఒక పని నేర్చుకొని వచ్చారు. రక్తనాళం గుండా సన్నని తీగను గుండెలోకి పంపి, దాన్ని బయట ఒక చిన్న పెట్టెకు కలిపారు. ఆ పెట్టె భజనలో తాళం వేసినట్టు గుండెను కొట్టిస్తుంది. కొట్టినప్పుడల్లా దాని మీద చిన్న దీపం మిణుకుమంటుంది. మా దగ్గర అట్లాంటి పెట్టె ఒక్కటే ఉంది. "వారం, పది రోజులు ఇది నిలబెడితే గుండె తనంతట తాను కోలుకుంటుంది" అన్నారామె. పుల్లమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆ దీపాన్నే చూస్తుండేది. అన్నం కూడా అక్కడే తినేది.

ఆ పక్క గదిలో ఇంకో మనిషి ఉన్నాడు. ఊరి పార్టీ గొడవల్లో కొడవలి దెబ్బలు తిన్నవాడు. ఎదుటి పార్టీవాళ్లు ఆస్పత్రికే వచ్చి చంపుతారని పోలీసు కాపలా పెట్టారు. మొదట్లో వాళ్లు గేటు బయట జీపులో ఉన్న వైర్‌లెస్‌లో మాట్లాడేవారు. తర్వాత చేతిలో పట్టుకొనే సెట్టు ఒకటి కొత్తగా వచ్చింది. ఏ స్టేషనో చెప్పను.

గుంత తప్పే అన్నాను

మూడో రోజు పొద్దున పదిగంటలప్పుడు పుల్లమ్మ కేక వేసింది. పరుగెత్తాను. మానిటరు మీద గీత గీతలాగా లేదు, పిచ్చి పట్టినట్టు ఎగిరెగిరి పడుతోంది. పెట్టె మీద దీపం ఆగిపోయింది. నారాయణప్ప కళ్లు తేలేశాడు. ఐదారు క్షణాలు. నేను అక్కడ నిలబడి ఉండగానే దీపం మళ్లీ మిణుకుమంది, ఆయన ఊపిరి పీల్చాడు. సరోజమ్మగారు వచ్చి తీగ జరిగిందేమో చూశారు, పెట్టెలో బ్యాటరీ మార్చారు. అంతా సరిగ్గానే ఉంది. సాయంత్రం నాలుగింటికి మళ్లీ అంతే.

నేను నేరుగా గుంత దగ్గరికి వెళ్లాను. పైన మట్టి పొడిగా ఉంది. ఎండాకాలం సాయంత్రం ఏ మట్టి పొడిగా ఉండదు చెప్పండి? కానీ నాకు ఆ ఆలోచన రాలేదు. వార్డు మధ్యలో నిలబడి అరిచాను.

"ఓబులమ్మా! పొద్దన్నే నీళ్లు యాడ పోసినావు?"

"గుంతకే పోసినా సార్."

"అబద్ధాలాడొద్దు. ఎవురికో తాగేదానికి ఇచ్చినావు. నువ్వు సేసిన పనికి ఆ మనిషి ప్రాణం పొయ్యుండు!"

రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, నర్సులు అందరూ చూస్తున్నారు. ఓబులమ్మ మొహం ఎర్రబడింది. "పోసినా అంటాండా కదా" అంది మెల్లగా. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. నేను పట్టించుకోలేదు. పై ఆఫీసరుకు చెప్పి ఆమెను వార్డులోంచి తీయించి వరండా ఊడ్చే పనికి వేయించాను. మర్నాడు గుంతలో నేనే మూడు బిందెలు పోశాను. పదింటికి దీపం మళ్లీ ఆగింది.

ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఎర్తింగు తప్పయితే గీత సమంగా వణకాలి. ఇది అట్లా లేదు. రోజూ చూసే నేనే ఆ తేడా చూడలేదు. కళ్ల ముందున్న గీతను చదవకుండా మనసులో ఉన్నది చదివాను. మన పనిలో దీనికి మించిన తప్పు లేదు.

ఓబులమ్మ కనిపెట్టింది

ఆ మధ్యాహ్నం ఓబులమ్మ చీపురు చేతిలో పట్టుకొని నా గది గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ "సార్" అనేది, ఆ రోజు అనలేదు.

"ఏమప్పా, ఒక మాట చెప్తా ఇంటావా? నేను నీళ్లు పోసినా. అది నీకు తెల్దు, నాకు తెలుసు. అంటే తప్పు గుంతది కాదు. మరి యాడుండాది తప్పు అని నేను సూస్తాండా."

"సూసి?"

"ఆ పోలీసాయప్ప పదింటికి ఒకతూరి, నాలుగింటికి ఒకతూరి కిటికీకాడ ఆనుకోని ఆ డబ్బాలో మాట్లాడతాడు. కిటికీ లోపల నారాయణప్ప మంచం. ఆయప్ప బొత్తాం నొక్కతానే లోపల పుల్లమ్మ అరస్తాది. ఈపొద్దు పదింటికి నేనే సూసినా, నిన్న కూడా ఇవే గంటలు గదా. వరండాలోకి నన్ను నువ్వే పంపిస్తివి, దాండ్లనే కండ్లబడింది."

"రేడియోకూ దానికీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. నేను మెషిన్ నెత్తిన పెట్టింది వినే రేడియో. ఆ పోలీసు చేతిలో ఉన్నది మాట్లాడే రేడియో. ఒకటి ఊరకే చెవి ఒగ్గి కూర్చుంటుంది. రెండోది పది మైళ్ల అవతల స్టేషనుకు వినపడేంత గట్టిగా అరుస్తుంది, అదీ కిటికీ పక్కన, రెండడుగుల దూరంలో. ఈ తేడా నా పందెంలో లేదు.

సరోజమ్మగారి దగ్గరికి ఇద్దరం పరుగెత్తాం. ఆమె మొత్తం విని, నా వైపు చూశారు.

"నరసింహులూ, ఆ పెట్టె దేని మీద నడుస్తుంది?"

"బ్యాటరీ మేడమ్."

"మరి దానికి నీ గుంతతో ఏం పని?"

ఆమే వివరించారు. ఆ పెట్టెకు ఒక తెలివి నేర్పి పెట్టారు: గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే నువ్వు ఊరుకో అని. వైర్‌లెస్ అరుపు తీగలోకి దూరితే, పెట్టె దాన్ని గుండె కొట్టుకోవడమే అనుకొని ఊరుకుంటుంది. గుండె కొట్టుకోదు, పెట్టె కొట్టించదు. ఆమె వెంటనే లేచి వెళ్లి పెట్టె మీద మీట తిప్పి, ఏం వినపడినా ఆగకుండా కొట్టేట్టు పెట్టారు. "ఇది ఒక పూటకే. అతని గుండె కోలుకోవడం మొదలైతే గుండె తాళమూ పెట్టె తాళమూ కలిసి గొడవపడతాయి, అదీ ప్రమాదమే. నాలుగయ్యేలోపు ఆ సెట్టు సంగతి తేల్చు" అన్నారు.

బల్ల మీద నేను

ఆ కాపలా చూసే ఎస్సైగారు నా మాట నమ్మలేదు. "ఏమయ్యా, మాట్లాడితే మనిషి చస్తాడా? ఈ సెట్టు తీసేస్తే, రేపు ఎదుటి పార్టీవాళ్లు బాంబులతో వస్తే నువ్వు ఆపుతావా?" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. పక్క గదిలోనూ ఉన్నది ప్రాణమే కదా.

"నమ్మొద్దు సార్. వచ్చి సూడండి" అన్నాను.

ఈసీజీ బల్లను కిటికీ పక్కకు లాగించాను. నారాయణప్పను ముందే వార్డు ఆ చివరకు మార్చారు. నేను చొక్కా విప్పి పడుకొని పట్టీలన్నీ నాకే కట్టించుకున్నాను. సరోజమ్మగారు స్వయంగా మెషిన్ తిప్పారు. నా గీత చక్కగా వస్తోంది. "ఇప్పుడు మాట్లాడమనండి సార్." కానిస్టేబులు కిటికీ దగ్గర బొత్తాం నొక్కి "హలో, హలో" అన్నాడు. మెషిన్ ముల్లు ఎగిరి కాగితం అంచుకు కొట్టుకుంది. ఎస్సైగారు వంగి చూశారు. "ఆపు" అన్నారు. ముల్లు నెమ్మదించింది. "మాట్లాడు" అన్నారు. మళ్లీ ఎగిరింది. నాలుగుసార్లు ఆయనే చేయించారు. చివరికి టోపీ తీసి తల గోక్కున్నారు.

"అయితే ఎంత దూరంలో మాట్లాడాలి?" అన్నారు. నాకు కావాల్సింది ఆ ప్రశ్నే.

కానిస్టేబులు మాట్లాడుతూ వరండాలో అంగ అంగకూ వెనక్కి నడిచాడు. నేను పడుకొని ముల్లును చూస్తూ అరుస్తున్నాను: "ఇంకా... ఇంకా..." ఎనిమిదో అంగ దగ్గర గీత శుభ్రమైంది. ఓబులమ్మ సున్నపు ముగ్గు డబ్బా తెచ్చి అక్కడ గుర్తు పెట్టబోయింది. సరోజమ్మగారు ఆపారు. "దానికి రెట్టింపు వెళ్లమ్మా. నరసింహులుది బాగున్న గుండె. అక్కడున్నది తీగకు వేలాడుతున్న గుండె." పదహారో అంగ దగ్గర, నీళ్ల తొట్టి పక్కన, ఓబులమ్మ ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్క చేత్తో గీత లాగింది. స్కేలు పెట్టినా అంత తిన్నగా రాదు.

ఎస్సైగారు తుపాకీ ఉన్న కానిస్టేబులును గది గుమ్మంలో, సెట్టు ఉన్నవాణ్ణి గీత అవతల నిలబెట్టారు. కాపలా పోలేదు, ప్రాణమూ పోలేదు. గోడ మీద నేను నా చేత్తో ఎర్రరంగుతో రాశాను: "గీత లోపల వినవచ్చు, మాట్లాడరాదు. మాట్లాడితే లోపలి పెట్టె మీ మాటను గుండె చప్పుడు అనుకొని ఆగిపోతుంది." రూలు పక్కనే దాని కారణం కూడా రాయాలి. కారణం లేని రూలుకు "ఏమో" అనేవాళ్లే పుడతారు.

సరోజమ్మగారు పెట్టె మీటను మళ్లీ మామూలుకు తిప్పారు. ఆ సాయంత్రం నాలుగు దాటింది. దీపం ఆగలేదు. ఓబులమ్మను మూలకు పిలిచి, "తప్పయిపాయ ఓబులమ్మా" అన్నాను.

"తిట్టేదేమో అందరి ముందర, తప్పయిపాయ అనేది మూలలోనా?" అని వెళ్లిపోయింది.

గీత దగ్గర

నాలుగు రోజుల తర్వాత ఒక పెద్ద పోలీసు ఆఫీసరు వచ్చాడు, గాయపడినవాడి వాంగ్మూలం కోసం. వెనక ఒకడు సెట్టులో గడగడా మాట్లాడుతూ నడుస్తున్నాడు. నేను వార్డు గుమ్మంలో ఉన్నాను. అరవబోయి, పెద్ద ఆఫీసరని జంకి ఆగాను. అంతలో గీత మీద అడ్డంగా చీపురు పడింది.

"దొరా, మాట్లాడేటట్లయితే ఆడనే ఉండల్ల. లోపల ఒకాయప్ప గుండె పెట్టె మింద నడస్తాండాది."

ఆఫీసరు ఆగాడు. "ఎవరీమె?" అన్నాడు. ఎస్సైగారు నేల చూస్తున్నారు. ఈసారి నేను గుమ్మం దిగి ఓబులమ్మ పక్కకు వెళ్లాను.

"మా ఆస్పత్రి మనిషి సార్. ఆమె చెప్పిందే ఈడ రూలు."

ఆయన గోడ మీద రాసింది మొత్తం చదివాడు. వెనక్కి తిరిగి సెట్టువాడితో "నువ్వు ఇక్కడే ఉండు" అని, ఒక్కడే గీత దాటి లోపలికి వచ్చాడు. నా ఉద్యోగం మొత్తంలో నా ఛాతీ అంతగా ఉప్పొంగిన క్షణం ఇంకొకటి లేదు. అందులో నా గొప్ప సగమే.

తొమ్మిదో రోజు నారాయణప్ప గుండె తానే తాళం అందుకుంది. తీగ తీసేశారు. మరో వారం ఉంచుకొని ఇంటికి పంపారు. ఆ పొద్దున వార్డంతా ఉన్నారు, సరోజమ్మగారూ, మేట్రన్ కూడా. నేను వార్డు మధ్యలో, సరిగ్గా ఆ రోజు అరిచిన చోటే నిలబడ్డాను.

"ఓబులమ్మ ఆ దినం నీళ్లు పోసింది. అబద్ధం జెప్పింది నేను. ఆయమ్మ పట్టుబట్టి సూడకపోతే నారాయణప్ప ఈపొద్దు ఇట్ల నిలబడుండడు. నన్ను మన్నించల్ల."

ఓబులమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత ఖాళీ బిందె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సరేలే సార్. ఈపొద్దు గుంతకు నువ్వే పొయ్యి."

పోశాను. ఆ రోజే కాదు, రిటైరయ్యేదాకా నేనే పోశాను. ఓబులమ్మ వార్డులోకి తిరిగి వచ్చింది. రోజూ పొద్దున ఊడ్చి, ఆ గీతను కొత్తగా దిద్దేది.

ఆ పొద్దున గుంత మట్టి నీళ్లు పీలుస్తుంటే తలెత్తి చూశాను. నారాయణప్ప పుల్లమ్మ భుజం పట్టుకొని వరండాలో నడుస్తున్నాడు. గీత దగ్గర ఆగి, "తొక్కొచ్చునా?" అని అడిగాడు. "తొక్కప్పా, నీకేం అడ్డం ల్యా" అంది ఓబులమ్మ. అయినా ఆయన తొక్కలేదు. పంచె కొంచెం పైకెత్తి, జాగ్రత్తగా అవతల అడుగు వేసి, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. పెట్టె లేకుండా, తన గుండెతోనే.